కన్సల్టింగ్ సంస్థలో టెక్నికల్ ఎక్స్‌పీరియన్స్ ఇంటర్వ్యూ: లీట్‌కోడ్ చదవాలా, నా ప్రాజెక్ట్ చదవాలా?

అడిగినాయన రాసింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో సర్వీస్ కంపెనీలో ఆరేళ్లుగా డేటా ఇంజినీర్. ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థ నుంచి టీఈఐ, అంటే టెక్నికల్ ఎక్స్‌పీరియన్స్ ఇంటర్వ్యూకి కాల్ వచ్చింది, మూడు వారాల టైముంది. రెజ్యూమెలో రెండు ప్రాజెక్టులున్నాయి, ఒరాకిల్ డేటాబేస్ నుంచి క్లౌడ్‌కి డేటా తరలించే మైగ్రేషన్ మూడేళ్లు, ఈమధ్య ఆరు నెలలు ఒక చాట్‌బాట్. లీట్‌కోడ్‌లో (కోడింగ్ ప్రాక్టీస్ చేసే సైట్) ఎన్ని ప్రాబ్లమ్స్ చేయాలి, ఏ ప్రాజెక్ట్ చెప్పాలి, మైగ్రేషన్ అంటే చిన్నచూపు చూస్తారా, ఇంగ్లీష్‌లో తడబడితే ఎలా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తా. ఈ రౌండ్ వరకు లీట్‌కోడ్ పక్కన పెట్టేయండి. మైగ్రేషన్ ప్రాజెక్టే చెప్పండి. మూడు వారాల్లో కనీసం రెండు వారాలు మీరు చేసిన పనినే మళ్లీ చదవండి. నవ్వులాటకి అనట్లేదు, చాలామంది ఫెయిలయ్యేది తెలియని ప్రశ్న దగ్గర కాదు, తమ రెజ్యూమెలో తామే రాసుకున్న రెండో లైన్ దగ్గర.

నా సంగతి చెప్పాలంటే పదమూడేళ్లుగా డేటా పనిలోనే ఉన్నా, అందులో ఏడేళ్లు కన్సల్టింగ్‌లో, ప్యానెల్‌లో కూర్చుని ఇలాంటివి వందకు పైనే చేసుంటా. అంతకుముందు ఇదే ఇంటర్వ్యూలో ఘోరంగా పోయినవాడిని కూడా, అది కింద చెప్తా.

అసలు ఈ రౌండ్ ఎందుకు పెడతారో తెలిస్తే సగం ప్రిపరేషన్ అయినట్టే. ఒకప్పుడు ఈ సంస్థలు ఎక్కువగా ఎంబీఏ వాళ్లనే తీసుకునేవి, కేస్ ఇంటర్వ్యూ సరిపోయేది. తర్వాత క్లయింట్లకి సలహాతో పాటు సిస్టం కూడా కట్టి ఇవ్వాల్సి వచ్చింది. మెకిన్సే 2015లో క్వాంటమ్‌బ్లాక్‌ని కొనింది, అది 2009లో లండన్‌లో ఫార్ములా వన్ రేసింగ్ టీమ్‌ల డేటా పనితో మొదలైన కంపెనీ. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ (బీసీజీ) 2022లో తన టెక్ టీమ్‌లని కలిపి బీసీజీ ఎక్స్ అని పెట్టింది. అలా ఇంజినీర్లు, డేటా సైంటిస్టులు లోపలికి వచ్చాక వాళ్లని కేస్‌తో మాత్రమే కొలవడం కుదరదు కదా. కేస్‌లో మీకు కొత్త సమస్య ఇస్తారు. పీఈఐ అనే పర్సనల్ ఎక్స్‌పీరియన్స్ ఇంటర్వ్యూలో మనుషులతో మీరెలా నెగ్గుకొచ్చారో చూస్తారు. టీఈఐలో మాత్రం మీరు చేసిన పనే ప్రశ్నాపత్రం. అన్ని సంస్థలూ ఇదే పేరు వాడవు, కొన్నిచోట్ల ప్రాజెక్ట్ డీప్ డైవ్ అంటారు, తంతు మాత్రం అదే.

కోడింగ్ టెస్ట్ ఉంటే సాధారణంగా అది వేరే రౌండ్. అందుకే ఇవాళే రిక్రూటర్‌కి మెయిల్ పెట్టండి, ఎన్ని రౌండ్లు, ఏ రోజు ఏది, లైవ్ కోడింగ్ ఉందా, డయాగ్రమ్ గీయడానికి ఏమైనా టూల్ ఇస్తారా అని. అడిగితే తక్కువ చేసి చూస్తారేమో అని మనవాళ్లు మొహమాటపడతారు. అడగడం మామూలు విషయం, చాలామంది వివరంగానే రిప్లై ఇస్తారు.

ఇక నేను పోయిన కథ. 2017. ఒక టెలికాం క్లయింట్‌కి, కస్టమర్లలో ఎవరు వేరే నెట్‌వర్క్‌కి వెళ్లిపోతారో ముందే చెప్పే మోడల్ చేశాను. ఇంటర్వ్యూలో గర్వంగా చెప్పా, సార్ మా మోడల్ యాక్యురసీ 96 శాతం అని. ఆయన పెన్ను కింద పెట్టి, నెలకి ఎంతమంది వెళ్లిపోతారు అన్నాడు. నాలుగు శాతం అన్నా. అయితే ఎవ్వరూ వెళ్లరు అని కళ్లు మూసుకుని చెప్పే మోడల్‌కి యాక్యురసీ ఎంత అన్నాడు. గదిలో ఏసీ శబ్దం ఒక్కటే వినపడింది. 96. నా మోడల్ అంత పనికిమాలినదేం కాదు, రీకాల్ (నిజంగా వెళ్లిపోయేవాళ్లలో ఎంతమందిని పట్టుకుంది), ప్రిసిషన్ (వెళ్తారని చెప్పినవాళ్లలో ఎంతమంది నిజంగా వెళ్లారు) అన్నీ మా టీమ్‌లో ఇంకొకతను లెక్కేశాడు, నేను స్లైడ్‌లో ఉన్న ఒక్క అంకె పట్టుకుని వచ్చేశా అంతే. తర్వాతి నలభై నిమిషాలు ఆయన మర్యాదగానే మాట్లాడాడు, కానీ అయిపోయిందని ఇద్దరికీ తెలుసు.

దీన్నుంచి నేను నేర్చుకున్నది, తర్వాత ప్యానెల్‌లో కూర్చున్నాక ఇంకా గట్టిగా అర్థమైంది ఏంటంటే, ఎదుటివాడు చేసేది బోరు వేయడం లాంటిది. ఏం చేశారు అని మొదలెడతాడు, ఎందుకలా చేశారు అంటాడు, ఇంకోలా ఎందుకు చేయలేదు అంటాడు, ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది అంటాడు, అది తప్పయితే ఎవరికి నష్టం అంటాడు. ఇలా నాలుగైదు అడుగులు దిగాక నీళ్లు పడాలి. కొందరికి రెండో అడుగులోనే రాయి తగులుతుంది. మీరు చేసిన పనికి మాత్రమే అంత లోతు ఉంటుంది, పక్కవాడు చేసినదానికి, నోట్స్‌లో చదివినదానికి ఉండదు.

అందుకే మైగ్రేషన్ అంటున్నా. మీకు అది చప్పగా అనిపిస్తుంది, చాట్‌బాట్ మెరుస్తూ కనిపిస్తుంది. కానీ మూడేళ్లు చేసిన దాంట్లో మీ చేతులు కాలిన సందర్భాలు పది ఉంటాయి, ఆరు నెలల దాంట్లో ఒకటో రెండో. నా దగ్గరకి వచ్చిన వాళ్లలో ఇప్పటికీ గుర్తున్న బెస్ట్ ఇంటర్వ్యూ ఒక సపోర్ట్, మైగ్రేషన్ ప్రాజెక్ట్ అమ్మాయిది. మోడల్ లేదు, ఏఐ లేదు. ఒక బ్యాంక్ డేటా ఒరాకిల్ నుంచి కొత్త ప్లాట్‌ఫామ్‌కి వెళ్తోంది. రో కౌంట్లు (టేబుళ్లలో వరసల లెక్క) అన్నీ సరిపోయాయి, అందరూ సైన్ చేసేశారు. గో లైవ్‌కి నాలుగు రోజుల ముందు ఆపరేషన్స్‌లో ఒకావిడ ఫోన్ చేసి, పాన్ నంబర్ లేని ఖాతాల రిపోర్టు రోజూ వేలల్లో వచ్చేది ఇప్పుడు సున్నా చూపిస్తోందేంటి అని అడిగింది.

కారణం ఏంటో తెలుసా. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరం లేని టెక్స్ట్) అన్నా నల్ (అసలు విలువే లేదు అనే గుర్తు) అన్నా ఒకటే, చాలా వేరే డేటాబేస్‌లలో రెండూ వేర్వేరు. ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు నల్ కాస్తా ఖాళీ అయింది, అవతల లోడ్ చేసినప్పుడు ఖాళీ స్ట్రింగ్‌గానే కూర్చుంది, రిపోర్టేమో ఈజ్ నల్ అని వెతుకుతోంది. రోలు ఒక్కటీ పోలేదు కాబట్టి కౌంట్ చెక్‌లో దొరకలేదు. ఇక్కడివరకు చాలామంది చెప్పగలరు. నేను అడిగా, రిపోర్ట్ క్వెరీలో ఒక కండిషన్ కలిపేస్తే పోయేది కదా, నాలుగు రోజులే ఉంది అని. ఆమె, మా లీడ్ కూడా అదే అన్నారు సార్, కానీ అదే కాలమ్ మీద ముప్పైకి పైగా రిపోర్టులున్నాయి, ఒక్కటి మర్చిపోయినా ఆడిట్‌లో దొరుకుతాం, అందుకే లోడ్ దగ్గరే మార్చాలన్నా అంది. లీడ్ ఎలా ఒప్పుకున్నాడు అన్నా. రాత్రి కూర్చుని అన్ని టేబుళ్లలో ప్రతి కాలమ్‌కి ఇటు ఎన్ని నల్‌లు, అటు ఎన్ని నల్‌లు అని ఒక స్క్రిప్ట్ రాసి, తేడా ఉన్నవి పొద్దున్నే ఆయన ముందు పెట్టా, పాన్ ఒక్కటే కాదని చూసి ఆయనే గో లైవ్ రెండు రోజులు వెనక్కి జరిపారు అంది. ఇంకేం అడగాలి నేను? టెక్నికల్‌గా కారణం తెలుసు, రెండు దార్లు చూసింది, ఒకటి ఎంచుకుంది, దానికి లెక్క ఉంది, పెద్దవాళ్లని ఒప్పించింది. ఆఫర్ వచ్చింది.

మీ మూడేళ్లలో ఇలాంటిది లేకుండా ఉండదు. కూర్చుని గుర్తు చేసుకోండి. పాత మెయిళ్లు, జిరా టికెట్లు మీ యాక్సెస్‌లో ఉన్నప్పుడే చూసుకోండి (కాపీ చేసుకుని ఇంటికి తెచ్చుకోవద్దు, చూసి గుర్తుపెట్టుకోండి చాలు). ఏ రాత్రి జాబ్ పడిపోయింది, డేట్ కాలమ్‌లో టైమ్ ఎక్కడ పోయింది, డెసిమల్స్ ఎక్కడ తేడా కొట్టాయి. నా అనుభవంలో సక్సెస్ స్టోరీ కంటే తప్పు జరిగి సరిదిద్దిన స్టోరీకే లోతెక్కువ.

మాట తీరు గురించి ఒకటి. మనకి ఒక అలవాటుంది, మీటింగుల్లో కూడా వింటుంటాం, డేటా లోడ్ చేయడం జరిగింది, ఇష్యూ రిజాల్వ్ చేయడం జరిగింది అని. ఎవరు చేశారు? దేవుడా? ఇంగ్లీష్‌లో మాట్లాడినా ఇదే ధోరణి వచ్చేస్తుంది, లేదంటే మొత్తం వాక్యాలన్నీ మేం చేశాం, మేం కట్టాం. నేను నేను అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని మొహమాటం, నాకూ ఉండేది. కానీ టీమ్ చేసింది టీమ్‌కి ఇచ్చి, మీది మీరు తీసుకోకపోతే వినేవాడికి మీ వాటా ఎంతో తెలియదు. ఎనిమిది మంది టీమ్, పైప్‌లైన్ డిజైన్ మా ఆర్కిటెక్ట్‌ది, రీకన్సిలియేషన్ (పాత డేటా, కొత్త డేటా సరిపోల్చడం) మొత్తం నాది, అని చెప్పండి. అలా చెప్తే ప్రశ్నలు కూడా రీకన్సిలియేషన్ మీదకే వస్తాయి, మీకే లాభం.

రెండోది, టూల్ పేరుతో దాటేయొద్దు. ఒకతను స్పార్క్ (పెద్ద డేటాని చాలా మెషిన్ల మీద పంచి నడిపే టూల్) జాబ్ నాలుగు గంటల నుంచి యాభై నిమిషాలకి తెచ్చా, సాల్టింగ్ (ఒకేచోట పోగయ్యే డేటాని కీకి అదనపు అంకె తగిలించి ముక్కలుగా పంచడం) చేశా అన్నాడు. మంచిదే. స్పార్క్ వెర్షన్ ఎంత అంటే 3.3 అన్నాడు. 3.2 నుంచి అడాప్టివ్ క్వెరీ ఎగ్జిక్యూషన్ అనే సౌకర్యం డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది, స్క్యూ (డేటా ఒకేచోట పోగవడం) ఉన్న జాయిన్‌లని అదే విడగొడుతుంది, మరి మీరు చేతితో సాల్ట్ ఎందుకేశారు అన్నా. అతని దగ్గర జవాబు లేదు. జవాబు ఉండొచ్చు, ఆ సౌకర్యం జాయిన్‌లకే గానీ గ్రూప్ బై దగ్గర వచ్చే స్క్యూకి పనిచేయదు, అతని జాబ్‌లో ఉన్నది గ్రూప్ బై. అంటే అతను చేసింది కరెక్టే! ఎందుకు కరెక్టో అతనికే తెలియదు, బ్లాగ్ చూసి చేశాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, ఒక్క రోజు తన జాబ్ గురించి తనే చదువుకుని ఉంటే అతనికి వచ్చేది.

చాట్‌బాట్‌ని కూడా పూర్తిగా వదిలేయొద్దు, రెజ్యూమెలో ఉంది కాబట్టి ఐదు నిమిషాలైనా దానిమీద పడతారు. ఈ రెండేళ్లలో వచ్చిన రెజ్యూమెల్లో సగం మందికి డాక్యుమెంట్ల మీద ప్రశ్నలకి జవాబిచ్చే బాట్ ఉంది, కాబట్టి ప్యానెల్‌కి ప్రశ్నలు నోటికొచ్చేశాయి. డాక్యుమెంట్‌ని ఎంత ముక్కలుగా కోశారు, ఆ సైజే ఎందుకు? జవాబు కరెక్టో కాదో ఎలా కొలిచారు, టెస్ట్ ప్రశ్నలు ఎన్ని, వాటికి సరైన జవాబులు ఎవరు రాశారు? డాక్యుమెంట్‌లో లేని విషయం అడిగితే బాట్ ఏమంటుంది? ఒక్కో ప్రశ్నకి ఖర్చెంత? వీటికి జవాబుల్లేకపోతే రెజ్యూమెలో ఆ పాయింట్ చిన్నది చేసి రాయండి, ప్రోటోటైప్ అంటే ప్రోటోటైప్ అనే రాయండి. తప్పేం లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది, టెక్ వాళ్లందరూ వదిలేసేది. ఇది కన్సల్టింగ్. మీ పని క్లయింట్‌కి ఎందుకు ముఖ్యమో కంప్యూటర్ తెలియని మనిషికి చెప్పగలగాలి. నేను రెండోసారి ప్రిపేర్ అయినప్పుడు ఎవరితో మాక్ (ప్రాక్టీస్ ఇంటర్వ్యూ) చేశానో తెలుసా, మా అక్క భర్తతో. బావ ఖమ్మం దగ్గర ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు షాపులో కూర్చుని, బావా నేనొక స్పేర్ పార్టుల కంపెనీకి ఏ నెలలో ఏ పార్టు ఎంత అమ్ముడవుతుందో ముందే చెప్పే లెక్క చేశా అన్నా. ఆయన బిల్లు రాస్తూనే మూడు మాటలడిగాడు.

మొదటిది, తప్పు చెప్తే ఎటు తప్పు చెప్తది, ఎక్కువ చెప్తదా తక్కువ చెప్తదా? ఎందుకు బావా అంటే, మందు డబ్బా మిగిలితే నా డబ్బు ఇరుక్కుంటది, డేట్ అయిపోతే అదీ పోతది, డబ్బా లేకపోతే రైతు పక్క షాపుకి పోయి మళ్లీ ఇటు రాడు, రెండూ ఒకటి కాదు కదా అన్నాడు. నేను సగటు ఎర్రర్ ఒక్కటే లెక్కేసుకుని తిరుగుతున్నా అప్పటికి! ఆయన అన్నది పుస్తకాల్లో ఉన్న లెక్కే. సరుకు లేకపోవడం వల్ల నష్టం, మిగలడం వల్ల నష్టానికి మూడింతలైతే సగటు అంచనాకి ఆర్డర్ పెట్టకూడదు, నాలుగుసార్లలో మూడుసార్లు సరుకు సరిపోయేంత, అంటే 75వ పర్సెంటైల్‌కి పెట్టాలి. రెండోది, కొత్త పురుగేదో వచ్చి మిరప తోటలన్నీ పీకేయాల్సి వచ్చిందనుకో, అలాంటి ఏడాది నీ లెక్కకి తెలుస్తదా? అంటే పాత డేటాలో లేనిది జరిగితే మోడల్ ఏం చేస్తుంది, మీకు ఎలా తెలుస్తుంది అని. మూడోది, నువ్వు చెప్పినట్టు నేను కొనకపోతే? అంటే మోడల్ చెప్పింది వాడేవాళ్లు నిజంగా వాడుతున్నారా అని.

తర్వాత ఇంటర్వ్యూలో ఈ మూడూ వచ్చాయి, ఇంగ్లీష్‌లో, టై కట్టుకున్న మనుషుల నోట. బావకి చెప్పిన జవాబులే చెప్పా.

కాబట్టి ఇంజినీర్ ఫ్రెండ్‌తో ఒక మాక్ చేయండి, లోతుకి. ఇంట్లో షాపో వ్యవసాయమో చూసుకునే పెద్దాయనతో ఒకటి చేయండి, అర్థానికి. రెండు నిమిషాల్లో ఆయనకి మీ మైగ్రేషన్ ఎందుకు చేశారో ఎక్కాలి. పాత సర్వర్ లైసెన్స్ ఖర్చా, రిపోర్ట్ రావడానికి పొద్దున పదయ్యేదా, ఆడిట్ ఒత్తిడా? మూడేళ్లు పనిచేసి దీనికి జవాబు తెలియని వాళ్లని చాలామందిని చూశా, ఎవరూ చెప్పలేదు సార్ అంటారు. ఇప్పుడే మీ మేనేజర్‌నో క్లయింట్ సైడ్ వాళ్లనో అడగండి, ఇంకా అక్కడే ఉన్నారు కదా.

అంకెలు విప్పి చెప్పగలగాలి. ముప్పై శాతం ఖర్చు తగ్గింది అని రాస్తే, దేంట్లో ముప్పై, ఏ నెలతో పోలిస్తే, ఎవరు లెక్కేశారు అన్నది కాగితం మీద వేయగలగాలి. కుదరకపోతే ఆ అంకె తీసేయండి. అంకె లేని నిజం పర్లేదు, విప్పలేని అంకె మాత్రం మొత్తం రెజ్యూమె మీదే అనుమానం తెస్తుంది.

రెడీమేడ్ ప్రాజెక్ట్ స్క్రిప్టులు అమ్మేవాళ్ల దగ్గరకి వెళ్లొద్దు. నేనూ అమీర్‌పేటలో కోర్సు చేసినవాడినే, కోచింగ్‌ని తక్కువ చేయట్లేదు, టూల్ నేర్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ ఒకే వారంలో ఇద్దరు వేర్వేరు కంపెనీల వాళ్లు ఒకే రిటైల్ ప్రాజెక్ట్, అదే బగ్, అదే పరిష్కారం చెప్పడం నా కళ్లారా చూశా. అలాగే వీడియో కాల్‌లో పక్క స్క్రీన్ మీద ఏఐ రాసిచ్చే జవాబు చదవడం. కళ్లు ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే ఎవరికైనా తెలుస్తుంది, పైగా మీ పని గురించి దానికేం తెలుసు?

క్లయింట్ పేరు చెప్పొద్దు, ఒక పెద్ద ప్రైవేట్ బ్యాంక్ అంటే చాలు. పేరు చెప్తే ఇంప్రెస్ అవుతారనుకుంటారు. కన్సల్టింగ్‌లో క్లయింట్ రహస్యం అంటే ప్రాణం, అక్కడ నోరు జారినవాడు ఇక్కడా జారతాడని అనుకుంటారు. స్క్రీన్ షేర్ చేసి ఆఫీస్ కోడ్ చూపించబోయినవాడిని ఒకసారి మధ్యలోనే ఆపాను.

ఇంగ్లీష్ గురించి మరీ భయపడకండి. యాస ఎవరికీ పట్టదు, ప్యానెల్‌లో తమిళ యాస, బెంగాలీ యాస, ఫ్రెంచ్ యాస అన్నీ ఉంటాయి. ఇబ్బంది ఎక్కడంటే, కంగారులో ఊపిరి తీసుకోకుండా నాలుగు నిమిషాలు ఒకే జవాబు చెప్పుకుంటూ పోతారు, ఎదుటివాడికి ఆపడానికి సందు దొరకదు. ముందు ఒక్క వాక్యంలో జవాబు చెప్పండి, తర్వాత ఎందుకో చెప్పండి, ఆగండి. కావాలంటే వాడే అడుగుతాడు. తడబడితే డయాగ్రమ్ గీయండి, ఎడమవైపు సోర్స్, మధ్యలో మీరు రాసిన చెక్‌లు, కుడివైపు టార్గెట్, గీస్తూ మాట్లాడితే మాట అదే వస్తుంది. తెలియకపోతే తెలియదు అనండి, అని ఊరుకోకుండా ఎలా కనుక్కునేవాళ్లో చెప్పండి.

మూడు వారాలు ఎలా అంటే, మొదటి వారం రాయడం. మైగ్రేషన్‌లో మూడు సందర్భాలు తీసుకుని ఒక్కోదానికి ఒక పేజీ, మీరు ఏం నిర్ణయించారు, ఏది వద్దనుకున్నారు, ఎందుకు, ఏమైంది, ఇప్పుడైతే ఏం మారుస్తారు. ఆ చివరిది తప్పకుండా అడుగుతారు. రెండో వారం ఆ పేజీల్లో ఉన్న ప్రతి టెక్నికల్ మాట కింద ఇంకో రెండు అడుగులు చదవడం, సీడీసీ (సోర్స్‌లో మారిన రికార్డులే పట్టుకుని తేవడం) అని రాస్తే లాగ్ ఆధారంగానా, టైమ్‌స్టాంప్ ఆధారంగానా, టైమ్‌స్టాంప్ అయితే సోర్స్‌లో డిలీట్ అయిన రికార్డులు ఎలా పట్టుకున్నారు, ఇలా. మూడో వారం మాక్‌లు, నాలుగైతే చాలు, ఇంకా చేస్తే బట్టీ పట్టినట్టు వస్తుంది. మీకు కోడింగ్ రౌండ్ కూడా ఉందని రిక్రూటర్ చెప్తే రోజుకో గంట ఎస్‌క్యూఎల్, పైథాన్ దానికి పక్కన పెట్టండి.

చివర్లో మీరేమైనా అడుగుతారా అంటారు. హైక్, వర్క్ ఫ్రం హోమ్ అక్కడ కాదు, అవి హెచ్ఆర్‌తో. మీరు చివరిగా చేసిన ప్రాజెక్టులో క్లయింట్ టీమ్ ఆ సిస్టంని ఇప్పటికీ వాడుతోందా అని అడిగి చూడండి. నన్ను ఒకసారి ఒకమ్మాయి అదే అడిగింది, వాడట్లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది, ఎందుకు వాడట్లేదో మాట్లాడుకుంటూ ఇరవై నిమిషాలు టైమ్ దాటిపోయాం.